పరుల పోరు – ప్రజల తీర్పు

ఒక దేశమున యుద్ధము చెలరేగినప్పుడు మరియొక దేశము అందు జోక్యము చేసికొనవచ్చునా, కూడదా అను ప్రశ్న పాలకులకు మాత్రమే సంబంధించినది కాదు. ప్రజాస్వామ్యమున పాలకుడు ప్రజల పేరిటనే సైన్యమును పంపును. ప్రజల పేరిటనే పంపక మానును. ఏది జరిగినను దాని పుణ్యపాపములలో ప్రజలకు భాగము కలదు. కావున ఈ విషయమున ప్రజాభిప్రాయము ఎట్లేర్పడుచున్నది, ఎట్లేర్పడవలెను అను విచారణ రాజనీతికే పరిమితము కాక ధర్మవిచారణ కూడ అగుచున్నది.

ఈ ప్రశ్న కఠినమగుటకు కారణము, రెండు వైపులను ధర్మమే యుండుట. ఆపదలో నున్నవానిని కాపాడుమనునది ఒక ధర్మము. పరుల యింట అనుమతి లేక కాలు పెట్టకుమనునది మరియొక ధర్మము. ధర్మాధర్మముల నడుమ ఎన్నుకొనుట అంత కష్టము కాదు. రెండు ధర్మములు ఎదురెదురుగా నిలిచినప్పుడే మానవుని వివేకమునకు పరీక్ష.

తటస్థుని వాదము

పరుల యుద్ధమున తలదూర్చరాదను వాదము బలహీనమైనది కాదు. 1945వ సంవత్సరమున ఏర్పడిన ఐక్యరాజ్యసమితి తన శాసనపత్రము నందలి రెండవ అధికరణముననే ఈ నియమమును పొందుపరచినది. ఏ రాజ్యమును మరియొక రాజ్యముపై బలప్రయోగము చేయరాదు. ఒక రాజ్యపు ఆంతరంగిక వ్యవహారములలో సమితియు సాధారణముగా జోక్యము చేసికొనరాదు. రెండు ప్రపంచ యుద్ధములలో కోట్లకొలది జనులు నశించిన పిమ్మట మానవజాతి నేర్చిన పాఠమిది. బలవంతుడు బలహీనుని యింట ప్రవేశించునప్పుడు దోచుకొనుటకు వచ్చితినని ఎన్నడును చెప్పడు. రక్షించుటకే వచ్చితినని చెప్పును.

తెలుగువారికి ఈ సత్యము తెలియుటకు దూరదేశముల చరిత్ర అక్కరలేదు. 1757 జనవరిలో విజయనగర ప్రభువు ఫ్రెంచి సేనాని బుస్సీని తోడు తెచ్చుకొని బొబ్బిలి కోటపై పడెను. కోట నేలమట్టమయ్యెను. గెలిచిన ప్రభువును తాండ్ర పాపారాయుని కత్తికి బలియయ్యెను. మరుసటి సంవత్సరమే ఫ్రెంచివారిని వెడలగొట్టు నెపముతో ఇంగ్లీషువారు చందుర్తి కడ యుద్ధము చేసి గెలిచిరి. కొలది యేండ్లలో ఉత్తర సర్కారులు వారి వశమయ్యెను. 1794లో పద్మనాభము కడ ఆ విజయనగరముతోనే కంపెనీ సైన్యము పోరాడగా, నాటి ప్రభువు రణరంగముననే ప్రాణము విడిచెను. ఇరుగుపొరుగు తగవు తీర్చుటకు పిలువబడిన పరదేశి ఆ ఇరువురి యింటికిని యజమానుడైన కథ యిది.

ఆంగ్ల తత్త్వవేత్త జాన్ స్టూవర్టు మిల్లు 1859లో ఈ విషయముననే ఒక వ్యాసము వ్రాసెను. ఒక జాతి తన స్వాతంత్ర్యమును తన కష్టముతోనే గడించుకొనవలెనని, పరులు గెలిచి యిచ్చిన స్వాతంత్ర్యము నిలువదని ఆయన వాదము. కాని ఆ వ్యాసముననే, నాగరికత లేని జాతుల పట్ల ఈ నియమము వర్తింపదని చెప్పి, భారతదేశమున ఇంగ్లీషువారు చేసిన దానిని సమర్థించెను. ఆయన చిరకాలము ఈస్టిండియా కంపెనీ కొలువున పనిచేసినవాడు. ఎంతటి మేధావియైనను తన కూడు ఎచ్చటనుండి వచ్చుచున్నదో అచ్చట ధర్మసూత్రమును కొంత సడలించుననుటకు ఇది తార్కాణము. ప్రజాభిప్రాయమును తూచువారు ఈ బలహీనతను మరువరాదు.

తటస్థత్వమునకును హద్దు కలదు. మహాభారతమున బలరాముడు కురుపాండవు లిరువురును తనకు బంధువులే యని తలచి, ఏ పక్షమునను చేరక, సరస్వతీ తీరమునకు తీర్థయాత్ర వెడలెను. యుద్ధము ముగియు వేళకు తిరిగి వచ్చి, భీముడు దుర్యోధనుని తొడలు విరుగగొట్టుట చూచి, అధర్మమని ఆగ్రహించెను. ఆ ఆగ్రహము న్యాయమైనదే కావచ్చును. కాని పదునెనిమిది దినములు జనక్షయము జరుగుచుండగా దూరముననున్నవాని కోపము చివరి దినమున ఎవరికిని ఉపకరింపలేదు.

ఆధునిక కాలమున దీనికి అతిఘోరమైన ఉదాహరణము రువాండా. 1994 ఏప్రిల్ నుండి సుమారు 100 దినములలో ఆ చిన్న ఆఫ్రికా దేశమున దాదాపు 8 లక్షల మంది, అధికభాగము టుట్సీ తెగవారు, వధింపబడిరి. అప్పటికే అచ్చట ఐక్యరాజ్యసమితి శాంతిసేన సుమారు 2,500 మందితో నుండెను. దానికి అధిపతియైన కెనడా సేనాని రోమియో డల్లేర్ మరికొంత బలము నిమ్మని కోరెను. భద్రతామండలి బలము పెంచుటకు మారు ఏప్రిల్ 21న ఆ సేనను 270 మందికి తగ్గింప నిశ్చయించెను. ఏల యనగా, అంతకు ముందు 1993 అక్టోబరులో సోమాలియా దేశపు మొగదీషు నగరమున 18 మంది అమెరికా సైనికులు మరణింపగా, ఇక పరుల పోరులు వలదని ఆ దేశమున ప్రజాభిప్రాయము గట్టిపడి యుండెను. రువాండాలో 10 మంది తన సైనికులు చంపబడగానే బెల్జియము తన సేనను మరలించుకొనెను. 1998లో అమెరికా అధ్యక్షుడు క్లింటన్ కిగాలి నగరమునకు పోయి, చేయవలసినంత చేయలేదని విచారము ప్రకటించెను. ఈ విచారమును బలరాముని ఆగ్రహము వంటిదే.

సాహసవాదుల వాదము

భారతముననే రుక్మి కథ యొకటి కలదు. అతడు ఒక అక్షౌహిణి సేనతో పాండవుల కడకు వచ్చి, భయపడుచున్నయెడల తాను తోడ్పడెదనని అర్జునునితో పలికెను. అర్జునుడు నవ్వి అక్కరలేదనెను. పిదప దుర్యోధనుని చేరగా అతడును వలదనెను. రుక్మి వచ్చినది ధర్మము కొరకు కాదు, తన ఘనత చాటుకొనుటకు. ఏ పక్షమైనను ఒకటియే యని తలచిన తోడు ఎవరికిని తోడు కాజాలదు.

దేశములకును ఇట్టి గర్వము కలుగును. ప్రజాభిప్రాయము దానికి వంత పాడును. వియత్నాము యుద్ధమున అమెరికా ప్రవేశించినప్పుడు ఆ దేశ ప్రజలలో అధికులు సమ్మతించిరి. ప్రజాభిప్రాయమును సేకరించు గ్యాలప్ సంస్థ 1965 ఆగస్టులో ప్రశ్నింపగా, సైన్యమును పంపుట పొరపాటని నూటికి 24 మంది మాత్రమే చెప్పిరి. 1968 ఆగస్టు నాటికి ఆ సంఖ్య 53కు చేరెను. 1971 మే నాటికి 61 అయ్యెను. ఆ యుద్ధమున 58 వేలకు పైగా అమెరికా సైనికులు మరణించిరి. వియత్నామీయులు లక్షలకొలది నశించిరి. 1975 ఏప్రిల్లో సైగాను నగరము పడిపోయెను. ఈ పదియేండ్లలో ధర్మసూత్రము మారలేదు. శవపేటికలు ఇండ్లకు చేరిన కొలదియు జనుల మాట మారినది. అనగా మొదట ఇచ్చిన సమ్మతి ఖర్చు తెలియక ఇచ్చినది.

2003 మార్చిలో ఇరాకుపై యుద్ధము ఆరంభమైన నాడును అమెరికా ప్రజలలో నూటికి సుమారు 70 మంది దానిని సమర్థించిరి. సామూహిక మారణాయుధములు అచ్చట కలవని చెప్పబడిన మాటయే దానికి ముఖ్యాధారము. ఆ ఆయుధములు దొరకలేదు. కొలది యేండ్లకే అధికసంఖ్యాకులు ఆ యుద్ధము పొరపాటనిరి. ఆ యేడు ఇరాకునకు సైన్యమును పంపుమని అమెరికా భారతదేశమును కూడ కోరినది. ఐక్యరాజ్యసమితి ఆదేశము లేక పంపజాలమని భారత ప్రభుత్వము జూలై 14న తెలియజేసెను. ఆ నిర్ణయమును తప్పుపట్టినవారు నాడు కొందరుండిరి. కాలక్రమమున వారి స్వరము సన్నగిల్లెను.

2005లో ప్రపంచ దేశాధినేతలు సమావేశమై, తన ప్రజలను ఘోర హింసనుండి కాపాడవలసిన బాధ్యత ప్రతి రాజ్యమునకు కలదని, అది విఫలమైనయెడల ఐక్యరాజ్యసమితి ద్వారా ఇతరులు పూనుకొనవచ్చునని అంగీకరించిరి. 2011 మార్చిలో లిబియా విషయమున భద్రతామండలి ఆ సూత్రము ననుసరించి అనుమతి నొసగెను. ఆ తీర్మానముపై భారతదేశము ఓటు వేయక తటస్థముగా నుండెను. గడాఫీ పాలన కూలినది. కాని కూలిన తరువాత ఆ దేశమును నిలబెట్టువారు లేకపోయిరి. పౌరులను కాపాడుటకు వచ్చినవారు పాలకుని తొలగించి వెడలిపోగా, ఆ పౌరులు సాయుధ ముఠాల పాలైరి.

పలుకువారు, పోవువారు

జర్మను తత్త్వవేత్త ఇమ్మాన్యుయేలు కాంటు 1795లో శాశ్వత శాంతిని గూర్చి వ్రాసిన గ్రంథమున ఒక ఆశను వెలిబుచ్చెను. యుద్ధము చేయుటకు పౌరుల అంగీకారము అవసరమైన దేశమున యుద్ధములు తగ్గునని ఆయన తలపు. ఏల యనగా పోరాడవలసినవారు, పన్నులు కట్టవలసినవారు, శిథిలములను మరల కట్టుకొనవలసినవారు ఆ పౌరులే. తన తలపైకి వచ్చు బరువునకు ఎవడును తేలికగా ఒప్పుకొనడు.

ఆ వాదమున లోపము లేదు. కాని కాలము దానిని దాటిపోయినది. నిర్బంధ సైనిక సేవ 1973లో అమెరికాలో ముగిసెను. భారత సైన్యమున స్వచ్ఛందముగా చేరినవారే యుందురు. అందుచేత యుద్ధము కావలెనని కోరువాడు ఒకడు, యుద్ధమునకు పోవువాడు మరియొకడు అగుచున్నారు. పట్టణమున ఇంటి అరుగుపై పత్రిక చదువువాడు, దూరదర్శిని యెదుట కూర్చున్నవాడు, చేతిలోని ఫోనుపై వ్రేలు కదలించువాడు క్షణములో తీర్పు చెప్పగలడు. పల్లెలో కొడుకును సైన్యమునకు పంపిన తల్లి అట్లు చెప్పజాలదు. ఎద్దు పుండు కాకికి ముద్దు అను సామెత యూరక పుట్టలేదు.

అయినను జోక్యము వలదనువాని అభిప్రాయము కూడ అంతే చవుకగా లభించుననుట మరువరాదు. రువాండా విషయమున వలదన్నవారు తమ మాటకు వెల చెల్లింపలేదు. ఆ వెల చెల్లించినవారికి ఆ దేశములలో ఓటు లేదు. కావున పొమ్మనుట వీరత్వమును కాదు, వలదనుట అహింసయును కాదు. ఆ మాటకు తన వంతు ఖర్చు భరించుటకు సిద్ధపడినప్పుడే అది అభిప్రాయమను స్థితిని దాటి తీర్పు అగును. భారతదేశము నడచిన రెండు మార్గములను పోల్చి చూచిన ఈ భేదము తెలియగలదు.

1971

1970 డిసెంబరు ఎన్నికలలో తూర్పు పాకిస్తానులోని 169 స్థానములలో 167 స్థానములను అవామీ లీగు గెలుచుకొనెను. అధికారము అప్పగించుటకు మారు, 1971 మార్చి 25 రాత్రి పాకిస్తాను సైన్యము ఢాకాలో మారణకాండ ప్రారంభించెను. మార్చి 31న భారత పార్లమెంటు ఆ ప్రజల పోరాటమునకు సానుభూతిని, మద్దతును తెలుపు తీర్మానము చేసెను. తక్షణమే సైన్యమును పంపవలెనను కోరిక దేశమున బలముగా వినవచ్చెను. ప్రభుత్వము తొందరపడలేదు.

ఈలోపున శరణార్థులు వచ్చిరి. పశ్చిమ బెంగాలు, అస్సాము, మేఘాలయ, త్రిపురలకు వచ్చిన వారి సంఖ్య సుమారు కోటికి చేరెను. దాదాపు 15 లక్షల జనులున్న త్రిపురలో ఇంచుమించు అంతమందియే శరణార్థులు చేరిరి. వారికి కూడు, గుడ్డ, మందు సమకూర్చుటకు దేశమంతయు పన్ను చెల్లించెను. నవంబరు నుండి ఉత్తరములపై 5 పైసల శరణార్థి సహాయపు బిళ్ళ అదనముగా అంటింపవలసి వచ్చెను. ఆంధ్రదేశపు మారుమూల పల్లెనుండి ఉత్తరము వ్రాసిన రైతు సైతము, ఎన్నడును చూడని బెంగాలీ శిశువు పాలలో తన పాలు పంచుకొనెను. జయప్రకాశ్ నారాయణ్ దేశదేశములు తిరిగి బెంగాలీల గోడు వినిపించెను. ఆగస్టు 1న న్యూయార్కు నగరమున రవిశంకర్, జార్జి హారిసన్ సంగీత సభ జరిపి సహాయనిధిని కూర్చిరి. ప్రధాని ఇందిరాగాంధి అక్టోబరు, నవంబరు నెలలలో పాశ్చాత్య దేశముల కేగి రాజీమార్గమును వెదకెను.

డిసెంబరు 3న పాకిస్తాను విమానములు భారత స్థావరములపై దాడి చేయగా యుద్ధము ఆరంభమై, 16న ఢాకాలో లొంగుబాటుతో ముగిసెను. సుమారు 93 వేలమంది బందీలైరి. భారత సైనికులు మూడు వేలకు పైగా అసువులు బాసిరి. యుద్ధము నడుచుచుండగనే, డిసెంబరు 7న, ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ కాల్పులు విరమించి సేనలను మరలింపుమని 104 ఓట్లతో తీర్మానించెను. వ్యతిరేకించినవి 11 మాత్రమే. అధికసంఖ్య యొకటియే ధర్మమునకు కొలత కాదనుటకు ఆ దినము సాక్షి.

పాకిస్తాను బలహీనపడుననెడి స్వార్థచింత భారతదేశమున లేదని చెప్పుట సత్యము కాదు. అమెరికా తత్త్వవేత్త మైకేల్ వాల్జర్ 1977లో న్యాయాన్యాయ యుద్ధములపై వ్రాసిన గ్రంథమున ఈ విషయము చర్చించెను. ఉద్దేశములు కలగలసి యున్నను, ఆపన్నులు కోరిన దానినే చేసి, త్వరగా వచ్చి త్వరగా మరలుటచేత ఇది రక్షణకార్యమేనని ఆయన తేల్చెను. 1972 మార్చి నాటికి భారత సైన్యము బంగ్లాదేశమును విడిచి వచ్చెను. గెలిచిన నేలను గెలిచినవాడు మూడు నెలలలో విడుచుట చరిత్రలో అరుదు.

1987

శ్రీలంకలో 1983 జూలైలో తమిళులపై జరిగిన హింసాకాండ పిమ్మట లక్షకు పైగా శరణార్థులు తమిళనాడు చేరిరి. భారతదేశము కలుగజేసికొనవలెనను కోరిక ఆ రాష్ట్రమున పెల్లుబికెను. 1987 జూన్ 4న భారత విమానములు యాళ్పాణముపై ఆహారపదార్థములను జారవిడిచెను. జూలై 29న కొలంబోలో ప్రధాని రాజీవ్ గాంధి, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనె ఒడంబడికపై సంతకములు చేసిరి. శాంతిసేన సముద్రము దాటెను.

ఆ ఒడంబడికలో సంతకము చేయవలసినవారిలో ఒకరు లేరు. ఎవరి తుపాకులను దింపవలసి యుండెనో ఆ పులుల సంస్థ అందు చేరలేదు. సింహళీయులలో పెక్కురు దానిని తమకు జరిగిన అవమానముగా తలచిరి. మరునాడే గౌరవవందనమున నిలిచిన ఒక శ్రీలంక నావికుడు తుపాకి మడమతో రాజీవ్ గాంధిని కొట్టెను. అక్టోబరు నుండి, తమిళులను కాపాడుటకు పోయిన సేన తమిళ సాయుధులతోనే పోరాడవలసి వచ్చెను. నడుమ పౌరులు నలిగిరి. పంపుమని కోరిన నోళ్ళే పిలిపింపుమని కేకలు వేసెను. 1989లో కొత్త అధ్యక్షుడు ప్రేమదాస వెడలిపొమ్మనెను. 1990 మార్చిలో కడపటి దళము మద్రాసు రేవున దిగెను. సుమారు 1,200 మంది తిరిగి రాలేదు. తిరిగి వచ్చినవారిని ఎదుర్కొనుటకు ఆ రాష్ట్రపు ముఖ్యమంత్రి రాలేదు. తరువాతి యేడు మే 21న రాజీవ్ గాంధియే శ్రీపెరుంబుదూరులో హత్య చేయబడెను.

ఆ సైనికుల పేర్లతో కొలంబో సమీపమున శ్రీలంక ప్రభుత్వమే తరువాత స్మారకము నిర్మించెను. పోయినవారు ఏ ప్రజల మాటపై పోయిరో ఆ ప్రజలకన్న ముందుగా, ఏ నేలపై పడిరో ఆ నేల వారిని తలచుకొనుట యోచింపదగిన విషయము.

నడిమి మార్గము

ఆయుధము పట్టుట, చేతులు కట్టుకొని కూర్చుండుట అను రెండే మార్గములు కలవని తలచుట తగదు. 1950లో కొరియా యుద్ధము వచ్చినప్పుడు భారతదేశము పోరాడు సేనను పంపలేదు, ఊరకయు నుండలేదు. లెఫ్టినెంట్ కర్నల్ రంగరాజు నాయకత్వమున ఒక సైనిక వైద్యదళమును పంపెను. వారు గాయపడినవారికి మంచుకొండల నడుమ శస్త్రచికిత్సలు చేసిరి. 1953లో యుద్ధము ఆగిన పిదప, స్వదేశమునకు పోనొల్లని యుద్ధఖైదీల సమస్యను తీర్చుటకు ఏర్పడిన తటస్థ దేశముల సంఘమునకు జనరల్ తిమ్మయ్య అధ్యక్షత వహించెను. ఆ ఖైదీలకు కాపలా కాచినదియు భారత దళమే. ఇరుపక్షములును కొన్నిమారులు ఆ దళమును నిందించెను. అయినను ఆ పని మరియొక దేశముచేత చేయించుటకు ఇరుపక్షములకును నమ్మకము చాలలేదు.

తీర్పు చెప్పువాని బాధ్యత

ఈ ఉదాహరణములనుండి ప్రజలు తమ్ము తాము వేసికొనదగిన ప్రశ్నలు కొన్ని తేలుచున్నవి. మొదటిది: సహాయము కోరుచున్నది ఎవరు? బాధితులా, వారి పేరు చెప్పుకొను మరియొకరా? రెండవది: చెప్పబడిన కారణము సత్యమని ఎట్లు తెలిసినది? మూడవది: పోయినవారు ఏమి చేసి మరలవలెను, ఎప్పుడు మరలవలెను? ఇది ముందుగా తెలియని యాత్రకు తిరుగు ప్రయాణము లేదు. నాల్గవది అన్నిటికన్న ముఖ్యమైనది: ఈ మాటకు తాను చెల్లించు వెల యెంత?

1971లో ఈ నాలుగు ప్రశ్నలకును ఇంచుమించు సమాధానము లభించినది. తొమ్మిది నెలలపాటు శరణార్థిని పోషించిన ప్రజలకు ఆ యుద్ధము ఎందులకో వేరుగా చెప్పనక్కరలేకపోయెను. 1987లో మొదటి ప్రశ్నకే సమాధానము స్పష్టముగా లేదు. ఒక రాష్ట్రమున ఉద్వేగము, తక్కిన దేశమున ఉదాసీనత. ఈ రెండింటిలో దేనియందును నిలుకడ లేకపోయెను. సేన మాత్రము రెండున్నర యేండ్లు అచ్చట నిలువవలసి వచ్చెను.

ప్రతి పౌరుడును యుద్ధతంత్రము తెలిసికొనజాలడు. రాయబారుల రహస్యములు సామాన్యునికి అందవు. కాని తన మాట వెనుక తాను నిలుచుట సామాన్యునికిని సాధ్యమే. పొమ్మని పలికినవాడు, పోయిన సైనికుని యింటి యోగక్షేమములు కనుగొనవలెను. అతడు గెలిచి వచ్చినను, గెలువక వచ్చినను, ఎదురేగి తీసికొని రావలెను. వలదని పలికినవాడు, ఆ నిప్పునుండి పారివచ్చిన వానికి తన యింట చోటిచ్చి, తన విస్తరిలోని అన్నము పెట్టవలెను. ఈ రెండింటిలో ఏదియు చేయనొల్లనివాడు ఆ విషయమున నోరు మెదపక యుండుటయే మేలు. ఏల యనగా అతని మాటకు వెల చెల్లించువాడు మరియొకడు.